రోజూ పాటించగల తేలికైన ఆహారపు అలవాట్లు ఏమిటి?

ముందు తినే వేగం తగ్గించండి. కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు సరిగా అందడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గబగబా తినేవారు ఆ కబురు చేరేలోపే మారు వడ్డించుకుంటారు. ఫోను చూస్తూ తింటే ఎంత తిన్నదీ గుర్తుండదు. నోట్లోని ముద్ద మింగాకే మరో ముద్ద తీసుకోండి.

తర్వాతది ఉప్పు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అసలు చిక్కు ప్యాకెట్ ఆహారంతోనే, తియ్యటి బిస్కెట్లలోనూ ఉప్పు ఉంటుంది! ప్యాకెట్ వెనక ముద్రించిన సోడియం అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు ఎంతో తెలిసిపోతుంది.

పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినాలి. భోజనమయ్యాక కాసేపు నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు. ఖరీదైన పొడులు, పానీయాలు చాలామందికి అనవసరమనే నా అభిప్రాయం. మూత్రపిండాల జబ్బు, మధుమేహం ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగే మార్పులు చేసుకోవాలి.