పెంచలయ్య, పెంచలనరసయ్య ఒక్కరేనా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు
నిర్వహణ: కావలిలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన మన మేడమ్

ప్రశ్న: మేడమ్, నేను కందుకూరు దగ్గర ఒక రైతు సంఘంలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. మా దగ్గర పొగాకు రైతుల లిస్టు ఒకటి, బ్యాంకు ఖాతాల లిస్టు ఒకటి ఉన్నాయి. డబ్బులు వెయ్యాలంటే రెండూ కలవాలి. పేర్లేమో ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా ఉన్నాయి. ‘ఫజ్జీ మ్యాచ్’ పెట్టి పర్సెంట్ ఇస్తే కంప్యూటరే కలిపేస్తుందని చెప్పారు. ఎంత పర్సెంట్ పెట్టాలి? తేడా వస్తే నా మీదికొస్తుందని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అంకె నేను చెప్పనమ్మా. ఎందుకు చెప్పనో మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది నీ ఒక్కదాని సమస్య కాదు. పాసు పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉన్నందుకు రావాల్సిన డబ్బు ఆగిపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఎక్సెల్‌లో పవర్ క్వెరీ అనే సదుపాయం ఉంది కదా, దాంట్లో ఫజ్జీ మ్యాచ్ పెట్టి నువ్వేమీ మార్చకపోతే 0.8 దగ్గర, అంటే ఎనభై శాతం పోలిక దగ్గర గీత గీస్తుంది. గీతకు పైన ఉన్నవాటిని కలుపుతుంది, కిందివాటిని వదిలేస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పేర్లను మూడేసి అక్షరాల ముక్కలు చేసి పోల్చే ట్రైగ్రామ్ పద్ధతి ఉంది. అక్కడ ఏమీ మార్చకపోతే గీత 0.3. రెండు చోట్లా దాన్ని ‘సిమిలారిటీ’ (పోలిక) అనే అంటారు. కొలిచే పద్ధతి మారితే అంకెకు అర్థం మారిపోతుంది. అందుకే పద్ధతి ఏమిటో తెలియకుండా ‘ఎనభై పెట్టు’ అని ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ఇప్పుడు మన పేర్లతోనే లెక్క వేద్దాం. 1965లో లెవెన్‌స్టీన్ అనే సోవియట్ గణితవేత్త చెప్పిన పద్ధతి తేలికైనది. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని గుర్తులు చేర్చాలి, తీసెయ్యాలి, మార్చాలి అని లెక్కపెట్టడమే. ‘పెంచలయ్య’ మన కంటికి నాలుగు అక్షరాలైనా కంప్యూటర్‌కి 8 గుర్తులు: ప, ఎత్వం, సున్న, చ, ల, య, పొల్లు, మళ్లీ య. అతని భార్య పేరు ‘పెంచలమ్మ’ అనుకో, అది కూడా 8. రెండు ‘య’లు ‘మ’లైతే చాలు, అయ్య అమ్మ అయిపోతాడు. 8లో 2 మార్పులు కాబట్టి పోలిక 0.75.

ఇక ‘పెంచలనరసయ్య’ చూడు. 11 గుర్తులు. పెంచలయ్యకు న, ర, స చేర్చాలి, అంటే 3 మార్పులు. పోలిక 0.73. పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న మనిషిని ఇంట్లో పెంచలయ్య అని పిలిచి, కాగితం మీద పెంచలనరసయ్య అని రాయించడం మన జిల్లాలో మామూలే. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఆ మనిషికి తన నిండు పేరు కన్నా భార్య పేరే దగ్గర. 0.74 దగ్గర గీత గీశావనుకో, భార్య ఖాతా లోపలికి వస్తుంది, అతని సొంత ఖాతా బయట ఉండిపోతుంది.

కాబట్టి పేరొక్కటే చూడకూడదు. తండ్రి లేదా భర్త పేరు, ఊరు, వయసు కూడా పక్కన పెట్టుకో. ఫజ్జీ లాజిక్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ. 1965లోనే కాలిఫోర్నియాలోని బర్కిలీలో ప్రొఫెసర్‌గా ఉన్న లోత్ఫీ జాదే ఈ ఆలోచన చెప్పాడు. ఒకటి గుంపులో ఉందా లేదా అని రెండే జవాబులు ఎందుకు, 0 నుంచి 1 దాకా ఎంత మేరకు ఉందో చెప్పవచ్చు కదా అన్నాడు. మనకు 2 హెక్టార్ల లోపు భూమి ఉంటే చిన్న రైతు, దాటితే కాదు. గవర్నమెంటుకి అలాంటి గీత తప్పదు. కానీ 1.99 ఉన్న మనిషికీ 2.01 ఉన్న మనిషికీ బతుకులో తేడా ఏముంటుంది?

వయసుని అలా చూడు. తేడా లేకపోతే 1, అయిదేళ్లు గానీ ఆపైన గానీ ఉంటే 0, మధ్యలో ఏడాదికి 0.2 చొప్పున తగ్గించు. నీ లిస్టులో పెంచలయ్య, తండ్రి మాలకొండయ్య, వయసు 61 అనుకుందాం. బ్యాంకు లిస్టులో పెంచలనరసయ్య, తండ్రి మాలకొండయ్య, అదే ఊరు, వయసు 63. పేరుకి 0.73, తండ్రి పేరుకి 1, ఊరికి 1, వయసుకి 0.6. సగటు తీస్తే 0.83. అదే పెంచలమ్మకైతే పేరుకి 0.75 వచ్చినా, ఆ కాలమ్‌లో తండ్రి బదులు భర్త పేరు పెంచలయ్య అని ఉంటుంది. మాలకొండయ్యతో పోలిస్తే 0.3. వయసు 57 అయితే 0.2. సగటు 0.56కి పడిపోతుంది. ఇద్దరూ విడిపోయారు, బాగుంది.

సగటు కాకుండా అన్నిట్లోకీ చిన్న అంకెను తీసుకోవడం జాదే మొదట చెప్పిన పద్ధతి. అలా చేస్తే పెంచలనరసయ్యకు 0.6 వస్తుంది. ఒక్క కాలమ్ తగ్గినా మొత్తం తగ్గుతుంది, ఎంత బాగా కలిసిన కాలమ్ ఉన్నా కాపాడలేదు. నా అభిప్రాయంలో మన ఊళ్లలో వయసుకి అంత అధికారం ఇవ్వకూడదు. పుట్టిన తేదీ తెలియక జనవరి 1 అని రాయించుకున్న పెద్దవాళ్లు కొల్లలు. ఆడ, మగ కాలమ్ ఉంటే మాత్రం దానికి ఆ అధికారం ఇవ్వు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది, అందుకోసమే ఇంత రాశాను. పెంచలయ్యకు తమ్ముడు ఉన్నాడనుకో, పేరు చినపెంచలయ్య. రెండేళ్లు చిన్న. తండ్రి ఒకరే, ఊరు ఒకటే. పేరుకి ముందు మూడు గుర్తులు చేరాయి కాబట్టి పోలిక మళ్లీ 0.73. వయసుకి మళ్లీ 0.6. సగటు మళ్లీ 0.83. అదే మనిషికీ, అతని తమ్ముడికీ కంప్యూటర్ ఇచ్చే మార్కు అచ్చంగా ఒక్కటే. నువ్వు గీత ఎక్కడ గీసినా ఇద్దరూ లోపలుంటారు, లేదా ఇద్దరూ బయటుంటారు. పర్సెంట్ మార్చి ఈ తప్పుని దిద్దలేవు.

చిన, పెద అనే మాట ముందు ఉంటే అది వేరే మనిషి అయ్యే అవకాశం ఎక్కువ. దేవుడి పేరు వెనక పొడిగిస్తే అదే మనిషి అయ్యే అవకాశం ఎక్కువ. ఈ సంగతి నీకు తెలుసు, మీ సంఘంలో కూర్చునే పెద్దలకు తెలుసు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు తెలియదు. కాబట్టి ఆ సంగతులు ఒక పట్టికగా రాసి కంప్యూటర్‌కి ఇవ్వాలి: నరసయ్య–నరసింహులు 0.9, సుబ్బారావు–వెంకటసుబ్బారావు 0.7, చిన ఉన్నది–లేనిది 0.1, ఇలా. పట్టిక మీ సంఘం వాళ్లతో కూర్చుని తయారుచెయ్యి, కింద తేదీ వేసి సంతకాలు పెట్టించు. అప్పుడు భారం నీ ఒక్కదాని నెత్తిన ఉండదు.

గీత ఒకటి కాదు, రెండు గియ్యి. పై గీత దాటినవి కలుపు, కింది గీతకు దిగువన ఉన్నవి వదిలెయ్యి, మధ్యలో ఉన్నవాటికి ఫోన్ చెయ్యి. ఫోన్ దొరక్కపోతే ఊరికి మనిషిని పంపించమని అడుగు. ఒక రైతు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పడ్డ కష్టమంతా ఆ వరసలో ఉంటుంది, దానికి ఒక ఫోన్ కాల్ ఎక్కువ ఖర్చు కాదు. ఇంకొక్క మాట. లెక్క మొదలుపెట్టే ముందు పేర్ల మధ్య ఖాళీలు, శ్రీ, గారు, ఇంటిపేరు పొడి అక్షరాలు వేరుచెయ్యి. తెలుగులో టైప్ చేసినప్పుడు కంటికి కనిపించని గుర్తులు కూడా మాట మధ్యలో పడుతుంటాయి, అవీ తీసెయ్యాలి.

ప్రశ్న: పోలిక 0.8 అంటే ఇద్దరూ ఒకే మనిషి అయ్యే అవకాశం నూటికి ఎనభై అనేగా అర్థం?
– రిటైర్డ్ టీచర్, నెల్లూరు

జవాబు: కాదు మాస్టారూ. చాలామంది అలాగే అనుకుంటారు, ఆఫీసుల్లో అలాగే చెప్తారు కూడా, కాబట్టి మీరు అడగడం మంచిదైంది. ఫజ్జీ అంకె రెండు వివరాలు ఎంత మేరకు పోలి ఉన్నాయో చెప్తుంది. వాటి వెనక ఉన్నది ఒకే మనిషా అన్నది వేరే ప్రశ్న.

పెంచలయ్య అనే పేరు రెండు లిస్టుల్లో ఉన్నది ఉన్నట్టు కలిసిందనుకోండి. పోలిక 1. నెల్లూరు జిల్లాలో ఆ పేరు కలిసినంత మాత్రాన తేలేది చాలా తక్కువ, ఎంతమంది పెంచలయ్యలు లేరు మనకు! అదే శ్రీకాకుళంలో ఒక లిస్టులో కలిస్తే అది బలమైన ఆధారం. పోలిక అంకె రెండు చోట్లా ఒకటే, అవకాశం మాత్రం ఎంతో తేడా. పేరు ఎంత అరుదు అనే సంగతిని లెక్కలోకి తెచ్చే పద్ధతికి 1969లో ఫెలిగి, సంటర్ అనే ఇద్దరు గణిత రూపం ఇచ్చారు. వాళ్లూ మూడు తీర్పులే పెట్టారు: కలిసింది, కలవలేదు, మనిషి చూడాలి. ఆ మూడోదాన్ని తీసేసి అంతా ఆటోమేటిక్ చేశామని గొప్పగా చెప్పుకునేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది.

ప్రశ్న: మేడమ్, నేను బి.టెక్ ఫైనలియర్. ఫజ్జీ డేటాబేస్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నాను. ‘సిమిలారిటీ రిలేషన్’కి ట్రాన్సిటివిటీ ఉండాలని చదివాను. ఎ, బి పోలి ఉంటే, బి, సి పోలి ఉంటే, ఎ, సి కూడా పోలి ఉండాలా? నాకది నిజం అనిపించడం లేదు. రెండు ఫజ్జీ సెట్లను పోల్చే ఫార్ములా కూడా చెప్పండి.
– విద్యార్థిని, ఒంగోలు

జవాబు: నీకు నిజం అనిపించకపోవడం సరైనదే తల్లీ.

జాదే 1971లో ఇచ్చిన నిర్వచనంలో మూడు షరతులున్నాయి. ఏదైనా తనతో తాను 1. ఎ బి ని ఎంత పోలి ఉంటే బి ఎ ని అంతే. మూడోది నువ్వు అడిగింది: ఎ–బి 0.8, బి–సి 0.7 అయితే, ఎ–సి ఆ రెంటిలో చిన్నదానికి, అంటే 0.7కి, తగ్గకూడదు. ఈ షరతు వల్ల ఒక లాభం ఉంది. గీత ఎక్కడ గీసినా డేటా ఒకదానిలో ఒకటి కలవని గుంపులుగా విడిపోతుంది. 1982లో బకల్స్, పెట్రీ అనే ఇద్దరు పరిశోధకులు తమ ఫజ్జీ రిలేషనల్ డేటాబేస్‌ని దీని మీదే కట్టారు. ఒక కాలమ్‌లోని విలువల మధ్య పోలికల పట్టికను ముందే ఇచ్చి, ఇంత గీతకు పైన పోలినవన్నీ ఒకటిగా చూడమని అడగవచ్చు. పైన కందుకూరు అమ్మాయికి నేను చెప్పిన పట్టిక ఆ దారిలోదే.

కానీ మన మాట తీరు చూడు. చీరాల, ఒంగోలు, సింగరాయకొండ, కావలి, నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట. రైల్లో వరసగా వచ్చే ఈ ఊళ్లలో ఏ రెండు పక్క ఊళ్ల మాటనైనా దాదాపు ఒకటే అంటాం, 0.9 అనుకో. జాదే షరతు ప్రకారం చీరాల మాట, సూళ్లూరుపేట మాట కూడా కనీసం 0.9 పోలి ఉండాలి. రెండు చోట్లా మనుషుల్ని ఎరిగినవాళ్లెవరూ ఒప్పుకోరు. 1902లో ఫ్రెంచి గణితవేత్త పాయింకరే ఈ చిక్కునే తూకాలతో చెప్పాడు: చేతిలో పట్టుకుంటే 10 గ్రాములకీ 11కీ తేడా తెలియదు, 11కీ 12కీ తెలియదు, 10కీ 12కీ తెలుస్తుంది.

దీనికి ఒక మార్గం, చిన్నదాన్ని తీసుకోకుండా రెండూ కూడి 1 తీసెయ్యడం. పోలండ్ తర్కవేత్త వుకాసెవిచ్ పేరుతో పిలిచే లెక్క ఇది. 0.9, 0.9 అయితే 0.8. మెట్టు మెట్టుకీ 0.1 తగ్గుతుంది. చీరాల నుంచి సూళ్లూరుపేటకి ఆరు మెట్లు, కాబట్టి కనీసం 0.4 ఉంటే చాలు. ఇది మనకు తెలిసిన నిజానికి చాలా దగ్గర. గుంపులు మునుపటంత శుభ్రంగా విడిపోవు, అది ఒప్పుకోవాల్సిందే.

రెండో షరతు మీద కూడా ఒక మాట. 1977లో ట్వెర్‌స్కీ అనే సైకాలజిస్టు మనుషులు పోల్చేటప్పుడు రెండు వైపులా సమానంగా పోల్చరని చూపించాడు. కొడుకు తండ్రిలా ఉన్నాడంటాం గానీ, తండ్రి కొడుకులా ఉన్నాడని ఎవరంటారు? నీ ప్రాజెక్ట్‌లో మనుషుల అభిప్రాయాలు కొలుస్తుంటే ఇది గుర్తుంచుకో. పేర్లూ కోడ్‌లూ అయితే అక్కర్లేదు.

రెండు ఫజ్జీ సెట్లను, అంటే ఒక్కో అంశం 0 నుంచి 1 దాకా ఎంత మేరకు ఉందో చెప్పే గుంపులను పోల్చడానికి ఫార్ములా కూడా అడిగావు. ఆల్ప్స్ పర్వతాల మొక్కల మీద పనిచేసిన స్విస్ శాస్త్రవేత్త జకార్డ్ 1901లో చెప్పినదాన్నే కొంచెం మార్చి వాడతారు: ప్రతి అంశంలో చిన్న అంకెల మొత్తాన్ని పెద్ద అంకెల మొత్తంతో భాగించడం. ఒక పొగాకు బేలు బ్రైట్ 0.7, మీడియం 0.4, లో గ్రేడ్ 0.1, ఇంకోటి బ్రైట్ 0.5, మీడియం 0.6, లో గ్రేడ్ 0.1 అనుకో. చిన్నవి కూడితే 1.0, పెద్దవి కూడితే 1.4. పోలిక 0.71. ఎక్సెల్ ఫజ్జీ మ్యాచ్ వెనక ఉన్నది కూడా జకార్డ్ లెక్కే.

ప్రశ్న: ఇప్పుడొచ్చిన చాట్ ఏఐలు కూడా ఫజ్జీ లాజిక్కేనా? అవొచ్చాక ఇవన్నీ ఎందుకు?
– డిగ్రీ విద్యార్థి, ఉదయగిరి

జవాబు: కాదు నాయనా. అవి ప్రతి మాటనీ వందలు లేదా వేల అంకెలున్న వరసగా మార్చుకుంటాయి. అలాంటి రెండు వరసలు ఎంత దగ్గరో చూడటానికి ఎక్కువగా వాడేది వాటి మధ్య కోణాన్ని బట్టి వేసే కొసైన్ లెక్క, అది –1 నుంచి 1 దాకా ఉంటుంది. అర్థాన్ని బట్టి వెతకడానికి ఇది చాలా గొప్ప సాధనం. ‘నిమ్మ ధర’ అని వెతికితే ‘కాయల రేటు’ అని రాసిన వార్త కూడా దొరుకుతుంది. అయితే ఒకే సందర్భంలో వాడే మాటలన్నీ దగ్గరకు వస్తాయి కాబట్టి ‘రేటు పెరిగింది’, ‘రేటు తగ్గింది’ అనేవి కూడా చాలా దగ్గరగా కనబడతాయి. పోలిక ఎందుకు అంత వచ్చిందని అడిగితే చూపించడానికి ఒక పట్టికంటూ ఉండదు. వార్తలు వెతకడానికి అది వాడు. ఒక మనిషికి డబ్బు ఇవ్వాలా వద్దా తేల్చేచోట, ఏ కాలమ్‌కి ఎంత వచ్చిందో ఆ మనిషికి చూపించగలిగిన లెక్కే వాడాలి.