పెడికిల్ స్క్రూ వేయడం చూస్తే వస్తుందా?

ప్రశ్న: నేను ఆర్థోపెడిక్స్ పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. స్పైన్ సర్జరీలోకి వెళ్లాలని కోరిక. కానీ థియేటర్‌లో నా పని రిట్రాక్టర్ పట్టుకోవడం, సక్షన్ పెట్టడం వరకే. వెన్నుపూసలో బిగించే పెడికిల్ స్క్రూ ఇంతవరకు ఒక్కటి కూడా నా చేత్తో వేయలేదు. రోగి మీద కాకుండా నమూనాల మీద ఆపరేషన్ సాధన చేయించే సిమ్యులేషన్ కోర్సులో చేరతానంటే మా సార్ 'అదంతా వీడియో గేమ్' అన్నారు. తోటివాళ్లేమో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) సిమ్యులేటర్ ఉన్న చోటే ఫెలోషిప్, అంటే పీజీ తర్వాతి ప్రత్యేక శిక్షణ, చేయాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ సార్ మీద కోపం తెచ్చుకోకండి. ఆయన తరం వాళ్లు గురువు పక్కన నిలబడి, ఏళ్ల తరబడి చూసి, మెల్లగా ఒక్కో పని అందుకుంటూ నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో గొప్ప సర్జన్లు తయారయ్యారు కూడా. కాకపోతే స్పైన్‌లో ఆ పద్ధతికి ఒక చిక్కుంది.

పెడికిల్ స్క్రూ వేస్తున్నప్పుడు అసలు సంగతి కంటికి కనిపించదు. స్క్రూ దూరేది పెడికిల్ అనే సన్నటి ఎముక స్తంభంలోకి. దానికి లోపలి వైపు వెన్నుపాము లేదా నరాల కట్ట, కింది అంచును ఆనుకుని నరం వేరు, వెన్నుపూస ముందు పెద్ద రక్తనాళాలు ఉంటాయి. ఛాతీ మధ్య భాగంలో కొందరికి ఆ స్తంభం వెడల్పు 4, 5 మిల్లీమీటర్లు కూడా ఉండదు. స్క్రూకి దారి చేసే ప్రోబ్ సరైన దారిలో పోతోందా, గోడ చీల్చుకుని పోతోందా అన్నది సర్జన్ వేళ్లకు తెలుస్తుంది. మీరు పక్కన నిలబడి వంద కేసులు చూడండి, ఆయన వేళ్లకు తెలిసింది మీ వేళ్లకు రాదు. పోనీ మీ చేతికిచ్చి చూద్దామా అంటే, తప్పు జరిగాక వెనక్కి తీసుకునే వీలు లేదు. సీనియర్లు ప్రోబ్ ఇవ్వడానికి వెనకాడేది అందుకే. వాళ్లకు మీ మీద నమ్మకం లేదని అనుకోకండి.

ఒక శిక్షణ తరగతిలో పరిశీలకుడిగా కూర్చున్నప్పుడు చూసింది చెబుతాను. ఒక రెసిడెంట్ ప్లాస్టిక్ వెన్నెముక మోడల్‌లో దారి చేసి, గుండు మొన ఉన్న ఫీలర్‌తో లోపల తడిమి చూసింది. నాలుగు గోడలు, అడుగు, అన్నీ ఉన్నాయి అంది. మోడల్‌ని సిటీ స్కాన్ తీస్తే లోపలి గోడ 3 మిల్లీమీటర్ల మేర చీలి ఉంది. స్క్రూలకు గ్రేడ్ ఇచ్చే గెర్ట్జ్‌బైన్, రాబిన్స్ పద్ధతిలో అది 'సి'. సాధారణంగా 'ఎ', 'బి' వరకే, అంటే 2 మిల్లీమీటర్ల లోపు తేడానే సర్దుకుంటారు. ఆ అమ్మాయి ముఖం వాడిపోయింది. ఆ తర్వాత చేసిన పని మాత్రం నాకు భలే నచ్చింది. అదే రంధ్రంలో మళ్లీ ఫీలర్ పెట్టి, చీలిన గోడ తగిలినప్పుడు ఎలా ఉంటుందో ఐదు నిమిషాల పాటు తడుముతూ కూర్చుంది. రోగి మీద అలాంటి ఐదు నిమిషాలు ఎవరిస్తారు?

దీనికి వీఆర్ హెడ్‌సెట్టే అక్కర్లేదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. ప్లాస్టిక్ మోడల్ స్క్రూ దారి, కోణం నేర్పుతుంది, కానీ రక్తం కారదు. కండరాలు తప్పించి ఎముక దాకా వెళ్లడం కెడావర్, అంటే శవం మీదే బాగా వస్తుంది. వీఆర్‌లో ఎన్నిసార్లైనా చేయొచ్చు, ప్రతి కోణాన్నీ అది లెక్కగట్టి చూపిస్తుంది. అయితే ఎముక గట్టిదనం చేతికి తగలడంలో ఇంకా వెలితి ఉంది. వంకర తిరిగిన వెన్నెముకలకైతే రోగి సిటీ స్కాన్ నుంచే త్రీడీ ప్రింట్ తీసి ముందురోజు రిహార్సల్ చేసుకుంటున్నారు. వెన్నుపామును కప్పి ఉండే డ్యూరా పొర చిరిగితే కుట్టడం నేర్పడానికి ఒత్తిడితో నీళ్లు పంపే మోడళ్లున్నాయి. కుట్టు వదులైతే నీరు చిమ్మి మీ పనితనాన్ని అక్కడికక్కడే చెప్పేస్తుంది! ఇంకా తేలికైనది, పచ్చి కోడిగుడ్డు. ఎముక అరగదీసే హైస్పీడ్ బర్‌తో పెంకు మాత్రం అరగదీసి, కింది పొర చిరగకుండా ఆపగలగాలి. నవ్వులాటగా అనిపిస్తుంది కానీ చెయ్యి కుదురు తెలిసిపోతుంది.

ఇక 'పనికొస్తుందా' అన్న ప్రశ్న. 2002లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో 16 మంది రెసిడెంట్లతో చేసిన అధ్యయనం అందరూ చెప్పేదే. వీఆర్‌లో సాధన చేసినవాళ్లు గాల్‌బ్లాడర్‌ని 29 శాతం వేగంగా వేరు చేశారు, తప్పులు ఆరో వంతుకు తగ్గాయి. కానీ అది గాల్‌బ్లాడర్. స్పైన్‌లో ఎక్కువ అధ్యయనాలు మోడళ్లు, కెడావర్ల మీద స్క్రూలు లెక్కపెట్టినవే. మీ సార్ అనుమానానికి ఆ మేరకు ఆధారం ఉంది.

కాబట్టి కోర్సు ఎంచుకునేటప్పుడు మెషీన్ పేరు అడగకండి. నేను వేసిన స్క్రూని ఎవరు చూస్తారు, దేనితో కొలుస్తారు, తప్పితే మళ్లీ చేయనిస్తారా అని అడగండి. ఫలానా స్థాయి వచ్చేదాకా చేయించే కోర్సుకీ, ఇన్ని గంటలు కూర్చుంటే సర్టిఫికెట్ ఇచ్చే కోర్సుకీ పోలికే లేదు. రెండో రకానికి డబ్బు తగలేయకండి. ఒక్క రోజులో అంతా కుక్కేసే వర్క్‌షాప్ కన్నా వారానికోసారి జరిగేది మేలు. 2006లో టొరంటోలో 38 మంది రెసిడెంట్లకు సన్నని రక్తనాళాలు కలిపి కుట్టడం నేర్పారు. సగం మందికి ఒకే రోజు, మిగతావాళ్లకు అవే పాఠాలు నాలుగు వారాలు. నెల తర్వాత పరీక్ష పెడితే వారంవారం నేర్చుకున్నవాళ్లే బాగా చేశారు.

ఫెలోషిప్ విషయంలో మీ తోటివాళ్ల సలహా నాకు నచ్చలేదు. ఏ నడుం నొప్పికి ఆపరేషన్ అక్కర్లేదో ఏ సిమ్యులేటరూ చెప్పదు. అది ఓపీలో, సీనియర్ పక్కన కూర్చుని, ఆపరేషన్ అయినవాళ్లు ఆర్నెల్లకు తిరిగొచ్చి ఏం చెబుతారో వింటే వస్తుంది. కేసులు బాగా ఉండి, ఫెలో చేత్తో చేయనిచ్చే చోటుకు వెళ్లండి. సిమ్యులేటర్ ఉంటే మంచిదే.

ఈలోగా మీ డిపార్ట్‌మెంట్‌లో ఒక పని చేసి చూడండి. మోడల్ మీద పది స్క్రూలు వేసి, సిటీ తీయించుకుని, ఫిల్మ్‌లు మీ సార్ ముందు పెట్టండి. 'ఇందులో ఏవి తప్పు పోయాయి సార్, ఎక్కడ పొరపాటు పడ్డాను?' అని అడగండి. వీడియో గేమ్ అన్న మనిషే కుర్చీ లాక్కుని ఒక్కో స్క్రూ చూడటం మొదలుపెడతారని నా అంచనా. తర్వాతి కేసులో ఒక వైపు దారి చేయడం వరకైనా మీకివ్వమని అడగడానికి అదే సమయం.