పాత ఆడియో సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఏది?

కందుకూరులో మీ నాన్నగారి హరికథల సీడీలు పాడైపోయేలోపే లాప్‌టాప్‌లో దాచాలన్నారు కదా, విండోస్ అయితే ఫ్రియాక్ (fre:ac) వేసుకోండి. పూర్తి పేరు ఫ్రీ ఆడియో కన్వర్టర్. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. లినక్స్‌లో తేలికగా కావాలంటే అసుండర్ (Asunder) చాలు. చాలామంది చెప్పే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ మంచిదే, ఉచితమే, కానీ ఓపెన్ సోర్స్ కాదు, అంటే దాని కోడ్ అందరికీ ఇవ్వరు.

సీడీ తెరిచి ఫైళ్లు కాపీ చేసుకుంటే కుదరదు. అక్కడ కనిపించే ‘ట్రాక్01.సీడీఏ’ వట్టి 44 బైట్ల షార్ట్‌కట్, అందులో పాట ఉండదు.

ఫార్మాట్ ఫ్లాక్ (FLAC) పెట్టండి. సైజు దాదాపు సగానికి దిగుతుంది, శబ్దం మాత్రం రవ్వంత కూడా తగ్గదు. ఫోన్‌కి కావాలంటే దాన్నుంచే ఎంపీ3 చేసుకోవచ్చు. మొదటే ఎంపీ3 చేస్తే పోయిన నాణ్యత మళ్లీ రాదు.

గీతలు పడ్డ సీడీలకు ఫ్రియాక్ సెట్టింగుల్లో సీడీ పారనోయా మోడ్ ఆన్ చేయండి. చదవలేని చోట మళ్లీ మళ్లీ చదువుతుంది, కాబట్టి బాగా లేటవుతుంది. టెన్షన్ పడి మధ్యలో ఆపకండి. ముందుగా మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా వద్దు.

లాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ రైటర్ నెల్లూరులోనో ఒంగోలులోనో కంప్యూటర్ షాపుల్లో అడగండి. ట్రాక్ పేర్లంటారా, ఊళ్లో రికార్డు చేయించిన సీడీలకు అవి ఆన్‌లైన్‌లో దొరకవు, మీరే టైపు చేసుకోవాలి.