సమాధానం: చెన్నై వేపేరి చర్చి గోడకు సిమెంటు పూశాక పెచ్చులూడటం

వందనాలు బ్రదర్. మీ చర్చి గోడ ఎందుకు పాడవుతోంది, ఏం చేయాలి అని అడిగారు. నూటయాభై ఏళ్ల ఇటుక గోడ, రెండేళ్ల కిందట సిమెంటు పూత, ఇప్పుడు మూడడుగుల ఎత్తు దాకా తెల్ల ఉప్పు, పెచ్చులు. మీరు రాసినదాన్ని బట్టి తప్పు సిమెంటుదే. సున్నంతో కట్టిన పాత గోడలోంచి నేల తేమ ఆవిరై పోవాలి. సిమెంటు దారి మూసేసరికి తేమ పైకెక్కి, ఉప్పు గట్టిపడి, ఇటుకనే పిండి చేస్తోంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయమన్న కాంట్రాక్టరు మాట వినకండి, ఇంకా పాడవుతుంది.

ముందు బయట చూడండి. రోడ్డు, పేవర్లు (నేలపై పరిచే సిమెంటు బిళ్లలు) లేచి నేల లోపలి గచ్చుకంటే ఎత్తయిందా? అయితే బయటి నేలను గచ్చుకంటే కనీసం ఆరంగుళాలు కిందికి దించి, వాననీటి గొట్టాలను గోడకు దూరంగా వదలండి. ఇది చేయకపోతే మిగతాదంతా దండగ.

తర్వాత తడి గీతకు (గోడపై తేమ ఎక్కిన ఆఖరి మరకకు) అడుగున్నర పైదాకా సిమెంటును సుత్తి, ఉలితోనే తీయించండి, బ్రేకర్ (కరెంటుతో పగలగొట్టే యంత్రం) వద్దు. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. కొన్ని నెలలు ఆరనివ్వండి. అందుకే ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక, జనవరిలో మొదలుపెట్టండి.

పూతకు మూడు వారాలైనా నీళ్లలో నానిన సున్నం 1, జల్లించిన ఏటి ఇసుక 3. పొర అర అంగుళం మించకూడదు. గోనెపట్టాలు తడిపి వారం కప్పండి. ఎండకు త్వరగా ఆరితే బీటలే. పైన వెల్ల మాత్రమే, ఎమల్షన్ పెయింటు వద్దు.

మేస్త్రి "గట్టిదనానికి గుప్పెడు సిమెంటు" అంటాడు. ఒప్పుకోకండి.