పోలార్స్‌లో స్కాన్ వాడినా ర్యామ్ నిండిపోతోందంటే

పెద్ద డేటా పట్టికలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ పోలార్స్. అందులో స్కాన్ ఏం చదవాలో ప్లాన్ మాత్రమే వేస్తుంది; ‘కలెక్ట్’ ఆ ప్లాన్‌ను నడిపి ఫలితాన్ని ర్యామ్‌లోకి తెస్తుంది. కాబట్టి తప్పు మీరు ‘కలెక్ట్’ పెట్టిన చోటులో ఉంది. మద్దిలపాలెం, గాజువాక స్టాపుల బస్సు టికెట్లున్న 11 జీబీ సీఎస్‌వీని 8 జీబీ ల్యాప్‌టాప్‌లో తెరుస్తూ, స్కాన్_సీఎస్‌వీ పక్కనే కలెక్ట్ పిలిచారు. దాంతో ఫైలు మొత్తాన్నీ ర్యామ్‌లోకి రమ్మన్నట్లే. ఫైలంతా ఒకేసారి చదివే రీడ్_సీఎస్‌వీకీ దీనికీ ఇక తేడా లేదు.

1. అక్కడి కలెక్ట్ తీసేయండి.

2. తేదీ, స్టాపు, ఛార్జీ కాలమ్‌ల సెలెక్ట్, ఆపై ఫిల్టర్, గ్రూప్_బై వరసగా రాయండి. కలెక్ట్ చిట్టచివర, ఒక్కసారే.

3. చాలామంది వదిలేసేది ఇదే (నేనూ ఒక రాత్రి పోగొట్టుకున్నాను). కలెక్ట్‌కు ముందు, ప్లాన్‌ను చూపించే ఎక్స్‌ప్లెయిన్‌ను పిలిచి, వచ్చినదాన్ని ప్రింట్ చేసి చూడండి. ‘ప్రాజెక్ట్ 3/28’ అని ఉంటే మీ 28 కాలమ్‌లలో మూడే చదువుతుంది. మూడు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు ఉంటే అన్నీ చదువుతోందన్నమాట; సెలెక్ట్ రాయడం మరిచారో, అది ఫైలు దాకా చేరకుండా మధ్యలో ఏదైనా అడ్డుపడుతోందో వెతకండి.

4. అప్పటికీ నిండితే కలెక్ట్‌లో ఇంజిన్‌ను ‘స్ట్రీమింగ్’ అని ఇవ్వండి. పాత వెర్షన్ అయితే స్ట్రీమింగ్=ట్రూ. ఫైలును ముక్కలుగా చదువుతుంది.