గంజిలో గరిటె ఎంత లోతుకు వెళ్ళింది?

చిరంజీవికి ఆశీస్సులు.

యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ళ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. మూడు పేజీల్లో పిల్లలు ఐదుసార్లు ఏడ్చారు. ఏం తిన్నారో మాత్రం ఎక్కడా లేదు.

ఇసావో తకహాత 1988లో తీసిన జపాన్ యానిమేషన్ చిత్రం 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' చూసే ఉంటావు. మళ్ళీ చూడు, ఈసారి కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని. 1945, కోబే. అన్న సెయితాకి పద్నాలుగేళ్ళు, చెల్లెలు సెత్సుకోకి నాలుగు. వాళ్ళ దగ్గరున్న పండ్ల రుచుల చప్పరింపు బిళ్ళల రేకుడబ్బాని వెంబడించు. బిళ్ళలు అయిపోయాక అన్న అందులో నీళ్ళు పోసి కలిపి ఇస్తాడు, పిల్ల రుచులన్నీ ఆ నీళ్ళలోనే వెతుక్కుంటుంది. తర్వాత గాజుబిళ్ళని బిళ్ళనుకుని చప్పరిస్తుంది. ఆ డబ్బాలోనే చివరికి ఆమె ఎముకలు. ఇంత దుఃఖాన్ని మోసింది అరచేతిలో పట్టే వస్తువు. నీ కథలోనూ అలాంటిది ఒక్కటి చాలు, రెండు పెట్టకు.

అన్న చనిపోవడం మొదటి సీన్లోనే చెప్పేస్తారు, సెప్టెంబర్ 21 అని తేదీతో సహా. బతుకుతారా లేదా అన్న ఉత్కంఠ పోయాక చూసేవాడి కళ్ళు తిండి మీదికి మళ్ళుతాయి. నువ్వు చావుని చివరి పేజీ కోసం దాచావు, అందుకే మధ్యభాగం నీరసించింది.

ఇక పిల్లల్ని ఇంట్లో పెట్టుకున్న అత్త. నీ కథలో ఆమెను రాక్షసిని చేశావు. చేస్తే చదివేవాడు ఆమెను తిట్టుకుని తేలిగ్గా బయటపడిపోతాడు. అప్పటి జపాన్‌లో పెద్దవాళ్ళకి రోజుకి 330 గ్రాముల బియ్యం రేషన్, 1945 జులైలో అదీ పదోవంతు తగ్గింది. పనికెళ్ళే కూతురికి ముందు పెట్టాలన్న లెక్క సినిమాలోని అత్తది. నీ కథలోనూ అత్త చేతిలో గంజి గరిటె ఉంచు. అది ఎవరికి గిన్నె అడుగుకంటా వెళ్ళింది, ఎవరికి పైపైన తిరిగింది, అంతే రాయి.

అసలు చిక్కు వేరే ఉంది. సెయితా వాళ్ళమ్మ బ్యాంకులో 7,000 యెన్‌లు దాచింది. డబ్బుండీ పిల్ల ఎందుకు పోయింది? రేషన్ వచ్చేది ఇరుగుపొరుగు సంఘం ద్వారా. అత్త ఇల్లు వదిలి గుట్టలో తవ్విన సొరంగానికి చేరేసరికి వాళ్ళు ఆ లెక్కలోంచి జారిపోయారు. తిరిగి వెళ్ళి సర్దుకొమ్మని రైతు చెప్పినా ఆ పద్నాలుగేళ్ళ పౌరుషం ఒప్పుకోలేదు. నీ పిల్లలు ఏ లెక్కలోంచి జారిపోయారు? అది తేలందే ఆకలి నమ్మించదు.

రాసే ముందు తేదీ, తిండి, డబ్బు, ఒళ్ళు అని నాలుగు గడులు గీసుకో. ఒంటి గడి జాగ్రత్త: దద్దుర్లు, విరేచనాలు, మగత, ఆ తర్వాత ఎదురుగా తిండి పెట్టినా తినలేకపోవడం. నీ చివరి సీన్లో ఆ పసిది గుక్కతిప్పుకోకుండా ఆరు వాక్యాలు మాట్లాడింది. ఆ స్థితిలో నాలుగేళ్ళ పిల్లకి రెండు మాటలు గగనం. ఆరూ కొట్టెయ్.

ముందు గంజి సీను తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం.