టూరెట్ ఉందని క్లాసులో చెప్పండి, కానీ ముందు బాబును అడగండి

8 ఏళ్ల బాబుకు టూరెట్ సిండ్రోమ్ అని డాక్టర్ చెప్పారు, ఈ సంగతి క్లాసులో చెప్పించాలా, దాచాలా అని ఆ బాబు ఇంటివాళ్లు అడిగారు. నాకూ టూరెట్ ఉంది. అంటే మన ప్రమేయం లేకుండా ఒళ్లు కదిలిపోతుంది, శబ్దాలు వచ్చేస్తాయి; వీటినే టిక్స్ అంటారు. 6 ఏళ్లప్పుడు కళ్లు టపటపా ఆర్పడంతో మొదలై, తర్వాత మెడ విదిలించడం, గొంతులోంచి కీచుమని శబ్దం రావడం దాకా వెళ్లింది. చెప్పించమనే అంటాను. అయితే బాబు సరేనన్నాకే.

దాస్తే ఎలా ఉంటుందో నేను అనుభవించాను. టిక్ వచ్చే ముందు ఒంట్లో ఏదో ఒత్తిడి పుడుతుంది, తుమ్ము వచ్చే ముందు ముక్కులో పుట్టే జిల లాగా. కాసేపు ఆపుకోవచ్చు. కానీ ఆపుకున్నంతసేపూ ధ్యాసంతా దానిమీదే. పీరియడ్ అంతా పళ్లు బిగబట్టి కూర్చునేవాణ్ణి, పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కేది కాదు. ఇంటికొచ్చి తలుపు వేసుకోగానే మెడ నొప్పెట్టేదాకా టిక్స్. "స్కూల్లో బాగానే ఉంటావటగా, ఇంట్లోనే ఎందుకురా ఇలా" అని అమ్మ బాధపడేది. టీచర్లేమో "ఆపుకోగలుగుతున్నాడంటే కావాలనే చేస్తున్నాడు" అనేవారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన మాట ఇదే.

ఏడో తరగతిలో ఒక టీచర్ నన్నే అడిగి, మాట్లాడమని పది నిమిషాలు ఇచ్చారు. "రెప్ప వేయకుండా పదమూడో ఎక్కం చెప్పండి" అన్నాను. రోజూ నన్ను వెక్కిరించే కుర్రాడు ముందుగా లేచాడు. పదమూడు నాలుగుల దగ్గరికి వచ్చేసరికి వాడి కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, లెక్క తప్పింది. కళ్లు తుడుచుకుని, "నీకు రోజంతా ఇలాగే ఉంటుందా?" అన్నాడు. వెక్కిరింత ఆ రోజుతో ఆగింది.

ఇప్పుడు 12 ఏళ్లుగా స్కూళ్లలో దీని గురించి మాట్లాడుతున్నాను. ఇది ఈ ఫోన్ల కాలంలో వచ్చిన జబ్బు అనేవాళ్లకు, ఫ్రెంచ్ డాక్టర్ జిల్ ద లా టూరెట్ 1885లోనే దీని గురించి రాశాడని చెబుతాను. ఇక ప్రతిచోటా వచ్చే ప్రశ్న బూతుల గురించి. తమ ప్రమేయం లేకుండా బూతులు వచ్చేయడం టూరెట్ ఉన్నవాళ్లలో సుమారు 10 నుంచి 15 శాతం మందికే ఉంటుంది. మొదట్లో "మాకు అలాంటిదేం ఉండదండీ" అని గట్టిగా చెప్పేవాణ్ణి. ఒకసారి నా మాటలయ్యాక ఒక అమ్మాయి దగ్గరికొచ్చి, "నాకుంది అన్నయ్యా" అంది. ఆ పిల్లను వెలివేసినట్టు మాట్లాడానని అప్పుడు తెలిసింది. ఆ మాట మళ్లీ వాడలేదు. ఆ లక్షణం ఉన్నవాళ్ల తప్పూ ఏమీ లేదని ఇప్పుడు విడిగా చెబుతాను.

టిక్స్ సాధారణంగా 10-12 ఏళ్ల మధ్య బాగా ఎక్కువై, చాలామందిలో ఆ తర్వాత తగ్గుతాయి. అందుకే ఇప్పుడే చెప్పడం మంచిది. టిక్ వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనకుండా తమ పని తాము చేసుకుంటే చాలని టీచర్‌కు చెప్పండి. చెప్పేటప్పుడు తను క్లాసులో ఉండాలా, బయట ఉండాలా అన్నది బాబు ఇష్టం. చెప్పాల్సింది ఒక పేజీలో రాసి, ముందు వాడి చేత చదివించండి. వద్దన్న వాక్యం కొట్టేయండి.